కొండెక్కితే చరియలు.. దిగితే బుడమేరు
బెజవాడలో నిరుపేదకు మిగిలిన చోటు ఈ రెండే ఎందుకయ్యాయి?

విజయవాడ: 2024 ఆగస్టు 31, శనివారం. ముందురోజు నుంచి కురుస్తున్న వాన కుండపోతగా మారింది. మొగల్రాజపురంలోని సున్నపుబట్టీల సెంటర్ వద్ద కొండచరియ విరిగి దిగువనున్న ఇళ్లపై పడింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ విషాదం నుంచి నగరం తేరుకోకముందే, మరునాడు ఆదివారం బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తింది. లక్షల మంది నీటి నడుమ చిక్కుకున్నారు. కొన్ని వీధుల్లో వారానికి పైగా నీరు కదలలేదు.

వాన ఒక్కటే. నగరమూ ఒక్కటే. ఒకచోట ప్రమాదం పైనుంచి దొర్లివచ్చింది, మరోచోట కిందినుంచి పొంగివచ్చింది. రెండుచోట్లా నష్టపోయినవారిలో అత్యధికులు మాత్రం ఒకే తరగతికి చెందినవారు. భవన నిర్మాణ కూలీలు, ఆటో డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసే మహిళలు, తోపుడుబండ్ల వ్యాపారులు, ముఠా కార్మికులు. దీనిని విధి వైపరీత్యంగా భావించి ఊరుకోవడానికి వీల్లేదు. బెజవాడ ఎదిగిన తీరులోనే ఇందుకు కారణాలున్నాయి.

ఆనకట్టతో మారిన ఊరు

పంతొమ్మిదో శతాబ్దం తొలిభాగం వరకూ బెజవాడ ఇంద్రకీలాద్రి పాదాన ఉన్న చిన్న యాత్రాస్థలం. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టిన తర్వాత కృష్ణా జలాలను పొలాలకు మళ్లించాలన్న ఆలోచన బలపడింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో ఇంద్రకీలాద్రికీ, ఆవలి ఒడ్డున ఉన్న సీతానగరం కొండకూ నడుమ ఆనకట్ట నిర్మాణం సాగి 1855లో పూర్తయింది. నేడు గాంధీహిల్‌గా పిలుస్తున్న కొండకు ఒకప్పుడు ఓర్ హిల్ అని పేరుండటం గమనార్హం.

కాల్వలు పారడంతో డెల్టా పంట బెజవాడకు చేరసాగింది. పడవల మీద ధాన్యం, ఆ వెంట వర్తకులు, మిల్లులు వచ్చాయి. 1888 ఏప్రిల్ 1న మునిసిపాలిటీ ఏర్పడింది. 1889 నాటికి హైదరాబాద్ వైపు నుంచి రైలుమార్గం వచ్చి కలిసింది. క్రమంగా మద్రాసు, కలకత్తా దారులు కూడా ఇక్కడే కూడటంతో బెజవాడ పెద్ద జంక్షన్‌గా మారింది. 1952లో పాత ఆనకట్టకు గండిపడింది. దాని స్థానంలో నిర్మించిన ప్రకాశం బ్యారేజీ 1957లో అందుబాటులోకి వచ్చింది. 1981లో మునిసిపాలిటీ నగరపాలక సంస్థ అయింది.

ఇంత వర్తకం సాగాలంటే బస్తాలు మోసే భుజాలు కావాలి. రైల్వే యార్డులో, మార్కెట్లలో, తర్వాతి కాలంలో ఆటోనగర్ షెడ్లలో పనికి పల్లెల నుంచి జనం తరలివచ్చారు. నగరం వారికి పని చూపింది గానీ ఇంటిస్థలం చూపలేదు. ఈ ఒక్క లోటే ఆ తర్వాతి వంద సంవత్సరాల కథను నడిపించింది.

కాల్వల నడుమ కలవారు

విజయవాడ పటాన్ని ముందుంచుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. దక్షిణాన కృష్ణానది. పడమట, ఉత్తరాన తూర్పు కనుమల చివరి పాయలుగా కొండలు. నది నుంచి బయలుదేరిన ఏలూరు, రైవస్, బందరు కాల్వలు ఊరిని చీల్చుకుంటూ సాగుతాయి. ఉత్తరంగా రైలుపట్టాలు మరో గీత గీస్తాయి. ఆ పట్టాలకు ఆవల బుడమేరు పల్లం ఉంది.

ఈ గీతల నడుమ ఉన్న మెరక నేల మొదట కార్యాలయాలకూ, దుకాణాలకూ, వైద్యశాలలకూ, ఉద్యోగుల ఇళ్లకూ దక్కింది. గవర్నర్‌పేట, సూర్యారావుపేట, గాంధీనగర్, లబ్బీపేట ఆ విధంగా పెరిగినవే. రహదారులు, మంచినీటి గొట్టాలు, వీధి దీపాలు సహజంగానే అటు ముందుగా వెళ్లాయి. సౌకర్యం వచ్చినచోట స్థలం ధర పెరిగింది. ధర పెరిగినచోట కూలి మనిషికి తావు లేకపోయింది.

అతనికి మిగిలినవి ఎవరూ కొనని స్థలాలు. కాల్వగట్లు, నది లంక, కొండవాలు, ఏటి పల్లం. నాలుగింటికీ ఒక సామ్యం ఉంది. అవి పనిచేసే చోటుకు నడిచి వెళ్లగలిగినంత దగ్గర, నీటికో రాతికో ఎదురు నిలవలేనంత బలహీనం. నగరపాలక సంస్థ విస్తీర్ణం దాదాపు 62 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 2011 జనాభా లెక్కల నాటికే అందులో పది లక్షలకు పైగా జనం ఉన్నారు. కొండలూ, నీళ్లూ పోగా మిగిలిన నేల మీద పోటీ ఎంత తీవ్రంగా ఉంటుందో చెప్పనవసరం లేదు.

మెట్ల మీద బతుకు

మొగల్రాజపురం, గుణదల, మాచవరం, క్రీస్తురాజపురం, విద్యాధరపురం, చిట్టినగర్, వన్‌టౌన్ కొండవాలుల్లో ఇళ్లు మెట్లు మెట్లుగా పైకి ఎక్కాయి. మొదట కింద ఇల్లు వేసుకున్నవారి తర్వాత వచ్చినవారు మరికొంత పైన వేసుకున్నారు. అందుచేత కొండల మీద ఎత్తుకు వెళ్లేకొద్దీ పేదరికమూ పెరుగుతుంది. ఇతర ఊళ్లలో పైఅంతస్తు గౌరవ చిహ్నం. ఇక్కడ అది అగచాట్లకు కొలమానం.

కృష్ణ ఎదురుగా కనిపిస్తున్నా కొండమీది కుళాయికి నీరు చేరడం అంత తేలిక కాదు. విద్యాధరపురంలోని హెడ్ వాటర్ వర్క్స్ నుంచి వచ్చే నీరు పల్లానికి తనంతట తాను పారుతుంది. కొండకు మాత్రం మోటార్లతో ఎక్కించి, పైన కట్టిన రిజర్వాయర్లలో నింపి, అక్కడినుంచి వదలాలి. విద్యుత్తు ఆగినా, మోటారు చెడినా, గొట్టం పగిలినా మొట్టమొదట ఎండేది చిట్టచివరి కుళాయి. అప్పుడు బిందె చంకన పెట్టుకొని మెట్లు దిగి ఎక్కవలసింది ఆ ఇంటి ఆడవారే. గ్యాస్ సిలిండరు పైకి చేరాలన్నా, పురిటి నొప్పులు పడుతున్న మనిషి కిందికి దిగాలన్నా ఆ మెట్లే దారి. అంబులెన్సు కొండ అడుగునే ఆగిపోతుంది.

చరియలు విరగడానికి కూడా ఈ కట్టడాలతో సంబంధం ఉంది. చదునైన జాగా కోసం కొండవాలును తొలిచినప్పుడు పైనున్న మట్టికి ఆసరా పోతుంది. స్నానాల నీరు, వంటింటి మురుగు పోవడానికి సరైన కాల్వ లేకపోతే అది పగుళ్లలోకి ఇంకుతుంది. ఏళ్ల తరబడి నానిన మట్టి, దానిలో ఇరుక్కున్న బండలు పెద్దవాన కోసం ఎదురుచూస్తున్నట్లే ఉంటాయి. రక్షణ గోడ కట్టిన వీధి నిలుస్తుంది. కట్టని వీధి మీదికి బండ దొర్లుతుంది. అందువల్ల కొండప్రాంతంలో మురుగుకాల్వ కేవలం శుభ్రతకు చెందిన విషయం కాదు. అది ప్రాణరక్షణకు చెందినది.

ఏటి పల్లంలో సర్కారు ఇళ్లు

కొండ మీదికి జనం తమంతట తాము వెళ్లారని వాదించవచ్చు. బుడమేరు పల్లం విషయంలో ఆ వాదన పూర్తిగా నిలవదు.

మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు ఏడాదిలో ఎక్కువ కాలం సన్నని వాగు. పైన గట్టి వాన పడితే మాత్రం గంటల్లో పొంగుతుంది. విజయవాడ ఉత్తర శివారుల గుండా సాగి, ఎనికేపాడు వద్ద ఏలూరు కాల్వ అడుగున కట్టిన అండర్ టన్నెల్‌లో దూరి, చివరకు కొల్లేరు చేరుతుంది. ఎక్కువ కాలం ఎండి ఉండటంతో ఆ నేల ఖాళీగా కనిపించింది. చౌకగా దొరికింది. ప్రైవేటు లేఅవుట్లు వెలిశాయి. ఏటి గట్లు చేలల్లో, ప్లాట్లలో కలిసిపోయాయి.

అంతటితో ఆగలేదు. ఊరి నడుమ కాల్వగట్ల మీద, రోడ్ల పక్కన గుడిసెలు వేసుకున్నవారికి పక్కా ఇళ్లు ఇవ్వదలచినప్పుడు ప్రభుత్వాలకు కూడా చౌకగా కనిపించింది ఈ పల్లమే. 2001లో కేంద్రం ప్రారంభించిన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన కింద కట్టిన ఇళ్ల సముదాయమే వాంబే కాలనీ. పథకం పేరులోని పొడి అక్షరాలే కాలనీ పేరుగా స్థిరపడ్డాయి. కాల్వగట్టు మీది గుడిసెకు పట్టా లేదు, కాలనీ ఇంటికి పట్టా ఉంది. నీటి ముప్పు మాత్రం రెండు చోట్లా తప్పలేదు. 2005లో బుడమేరు పొంగి ఈ ప్రాంతాన్ని ఒకసారి హెచ్చరించింది. పందొమ్మిదేళ్ల తర్వాత అంతకు మించిన నష్టం కలిగించింది.

నీరు ఎక్కడ ఆగింది?

బుడమేరు వరదను ఊరికి దూరంగా తిప్పడానికి ఏర్పాటు లేకపోలేదు. జి.కొండూరు మండలం వెలగలేరు వద్ద రెగ్యులేటర్ ఉంది. అక్కడి నుంచి బుడమేరు డైవర్షన్ ఛానల్ ద్వారా నీటిని ఇబ్రహీంపట్నం వద్ద, బ్యారేజీకి ఎగువన, కృష్ణలోకి మళ్లిస్తారు. ఆ ఛానల్ మోయగలిగినది సుమారు 15 వేల క్యూసెక్కులు. దానిని 37,500 క్యూసెక్కులకు విస్తరించాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి పూర్తిస్థాయి పనిగా మారలేదు.

2024లో మూడు ఇబ్బందులు ఒక్కసారే ఎదురయ్యాయి. ఎగువన కురిసిన వానకు ఛానల్ పట్టనంత నీరు వచ్చింది. కృష్ణ కూడా అదే సమయంలో నిండుగా పారుతుండటంతో ఛానల్ నీటిని నది తీసుకోలేక వెనక్కు నెట్టింది. ఒత్తిడికి ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వెలగలేరు గేట్ల నుంచి పాత ఏటి దారిన వదిలిన నీటికి గండ్ల నీరు తోడై ఊరి వైపు మళ్లింది. ఏరు తన పాత దారిని మరచిపోలేదు. ఆ దారిలో ఇళ్లు ఉన్నాయి.

వచ్చిన నీరు త్వరగా పోకపోవడానికి దిగువ కారణాలున్నాయి. పూడిన ఏటిగర్భం, ఇరుకైన వంతెనలు, ఎనికేపాడు టన్నెల్ వద్ద అవరోధం, ఆపైన చేపల చెరువులతో కుంచించుకుపోయిన కొల్లేరు. ఎక్కడో కొల్లేటిలో వేసిన చెరువుగట్టుకూ సింగ్‌నగర్ ఇంట్లో నిలిచిన నీటికీ సంబంధం ఉందని ఆ వారం రోజులు నేర్పాయి. సైనిక బలగాలు కూడా చేయి కలపగా సెప్టెంబరు రెండో వారం నాటికి గండ్లు పూడ్చగలిగారు. అంతవరకూ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఒక్కటే ఒడ్డు. పడవల్లో వచ్చినవారు అక్కడే దిగారు. పాలు, భోజనం పొట్లాలు అక్కడినుంచే వెళ్లాయి.

కృష్ణలంక చెప్పిన పాఠం

ఈ కథలో తప్పక చెప్పుకోవలసిన మరో పేట ఉంది. బందరు కాల్వకూ నదికీ నడుమ ఉన్న కృష్ణలంక కూడా శ్రమజీవుల ప్రాంతమే. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీకి 11.10 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు లంకలోని పల్లపు వీధుల వారు ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. కృష్ణకు వరద వచ్చిన ప్రతిసారీ వారికి నిద్ర ఉండేది కాదు.

2024 సెప్టెంబరు 2న బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి. బ్యారేజీ చరిత్రలోనే అది అత్యధికం. నదిలో కొట్టుకువచ్చిన పడవలు గేట్ల వద్ద కౌంటర్‌వెయిట్లను ఢీకొన్నాయి. అంతటి వరదలోనూ కృష్ణలంక మునగలేదు. దశలవారీగా, వేర్వేరు ప్రభుత్వాల హయాంలో, నదివెంట కట్టిన రిటైనింగ్ వాల్ అడ్డు నిలిచింది. ఒకే రోజున, ఒకే నగరంలో, పెద్దనది పక్కన ఉన్న పేట నిలిచింది, చిన్న ఏరు పక్కన ఉన్న కాలనీలు మునిగాయి.

ఇందులోని అర్థం స్పష్టం. పేద పేటలు మునగడం ప్రకృతి నియమం కాదు. డబ్బు, శ్రద్ధ, సమయం వెచ్చించినచోట ముప్పు తగ్గింది. వెచ్చించనిచోట అది పెరిగింది. అలాగని బుడమేరు పొడవునా గోడ కడితే సరిపోతుందని కాదు. నదికి సముద్రం వైపు తెరచిన దారి ఉంది. బుడమేరుకు ఆ దారే మూసుకుపోయింది. ఛానల్ విస్తరణ, ఏటిగర్భం పూడికతీత, టన్నెల్ సామర్థ్యం, కొల్లేరు నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి నీరు వెళ్లే మార్గం - ఇవన్నీ ఒకే గొలుసులోని లంకెలు. ఒక్క లంకె వదిలేసినా తక్కినవాటి మీద పెట్టిన ఖర్చు వృథాయే.

కింది అంతస్తు లెక్క

వరద తర్వాత ప్రభుత్వం నగరంలో మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25 వేల రూపాయలు, పై అంతస్తులవారికి 10 వేల రూపాయల సాయం ప్రకటించింది. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందన్నదాన్ని బట్టి నష్టం లెక్కించడం సబబే. అయితే పేదింటి నష్టం గోడలకు పట్టిన బురదతో ముగియదు. నీటమునిగిన ఆటో అప్పు మీద కొన్నది. తడిసిన కుట్టుమిషను ఆ ఇంటి రెండో జీతం. పాడైన ఫ్రిజ్ వాయిదాలు ఇంకా మిగిలే ఉంటాయి. పనికి వెళ్లలేని పది రోజులకు కూలి ఎవరూ ఇవ్వరు. జీతం తెచ్చుకొనే ఉద్యోగికి ఒక నెల ఇబ్బంది అయినది రోజుకూలీకి రెండేళ్ల అప్పు కావచ్చు.

నీరు తీసిన తర్వాత కూడా అసమానత ఆగదు. 2025 సెప్టెంబరులో న్యూ రాజరాజేశ్వరిపేటలో అతిసారం ప్రబలి జనం పెద్దసంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. మంచినీరు, మురుగు సక్రమంగా వేరు కాని పేటలో వానాకాలం రెండుసార్లు వస్తుంది. ఒకసారి వరదగా, మరోసారి రోగంగా.

తొలగింపు ఎవరితో మొదలు?

2024 వరదల అనంతరం ‘ఆపరేషన్ బుడమేరు’ పేరుతో ఆక్రమణలను గుర్తించి ఏటిని బాగుచేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఏరు పారాలంటే దారి విడవవలసిందే. ఇందులో భిన్నాభిప్రాయానికి తావు లేదు. అసలు ప్రశ్న తొలగింపు ఎవరితో మొదలవుతుందన్నది. రేకుల షెడ్డు ఒక్క పూటలో నేలమట్టమవుతుంది. అనుమతి కాగితాలున్న లేఅవుటు, పెద్ద కట్టడం న్యాయస్థానాల్లో సంవత్సరాలు గడుపుతుంది. ఏటికి మాత్రం రెండూ అడ్డే.

గుడిసె తీసినవారికి ఎక్కడ చోటిస్తారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఊరికి దూరంగా ఇల్లిస్తే రానుపోను ఛార్జీలకే కూలిలో పెద్దభాగం కరిగిపోతుంది. అప్పుడు ఆ ఇంటిని అద్దెకిచ్చో, అమ్ముకొనో మళ్లీ ఏదో ఒక గట్టు చేరతారు. గతంలో జరిగిందీ ఇదే. పని దగ్గర, మెరక మీద, అద్దె భరించగలిగేలా ఇళ్లు లేనంతకాలం ఆక్రమణలు ఒకచోట తొలగి మరోచోట పుడుతూనే ఉంటాయి.

కొండలకు సంబంధించీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఏ వాలు ప్రమాదకరమో ముందుగా గుర్తించి, రక్షణ గోడలు, మెట్లవెంట మురుగుకాల్వలు కట్టాలి. నిలవలేని వాలు మీది వారిని మాత్రమే, ముందే ఇల్లు చూపి, కిందికి దించాలి. పెద్దవాన కురిసే రాత్రి వారికి హెచ్చరిక చేరే ఏర్పాటు ఉండాలి. 2024లో వేకువజామున ఇంట్లోకి నీరు వచ్చేదాకా సింగ్‌నగర్ వీధుల్లో ఎందరికో విషయం తెలియలేదు. వెలగలేరు గేటు ఎత్తే చేయికీ, వాంబే కాలనీలో నిద్రించే మనిషికీ నడుమ ఒక్క సైరన్ మోగి ఉంటే ఎన్నో ఇళ్ల సామాను, కొన్ని ప్రాణాలు దక్కేవి.

బెజవాడకు నీరే సంపద తెచ్చింది. ఆనకట్ట కట్టిన నాటి నుంచి ఏ చుక్క ఏ పొలానికి చేరాలో లెక్కకట్టి పంచిన ఊరు ఇది. అదే లెక్క మంచినీటికీ, మురుగుకూ, వరదకూ కట్టలేమనడం సరికాదు. ఆ లెక్కలో కొండమీది చివరి కుళాయి, పల్లంలోని చివరి ఇల్లు మొదటి వరుసలో ఉండాలి. లేకుంటే మళ్లీ పెద్దవాన పడిన రోజున బండ ఎవరి మీద పడుతుందో, నీరు ఎవరి ఇంట నిలుస్తుందో ఎవరూ వేరుగా చెప్పనవసరం లేదు.